అయిదు గంటల పిల్లలు

కామారెడ్డి బస్టాండులో మొన్న మా ఎల్లారెడ్డి పాత ఇంటి ఓనరు కనిపించాడు. కంటి ఆపరేషనుకు వచ్చాడట, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. మంచీ చెడ్డా మాట్లాడుకున్నాం. ఆయన బస్సెక్కి కూర్చున్నాక, ఏదో మరిచిపోయిన వాడిలా కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"టీవీ అవ్వ పోయిందమ్మా. ఎరికేనా?"

"ఎప్పుడు?"

"అమాస ముంగట. పగటీలి బువ్వ తిని ఒరిగింది. మల్ల లేవలే."

బస్సు వెళ్ళిపోయింది. నేను ఫోను తీసి టైం చూశాను. నాలుగున్నర దాటింది. ఇంకా కొంచెం సేపుందిలే అనుకున్నాను. దేనికి సేపుందో, ఎవరి కోసం అనుకున్నానో ఆ తర్వాత గానీ నాకు తట్టలేదు.

మాది బీబీపేట వైపు. ఎల్లారెడ్డి ఎమ్మార్వో ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు అక్కడ ఇల్లు తీసుకున్నాం. మా ఆయన కామారెడ్డిలో ప్రైవేటు కాలేజీలో చెప్పేవాడు. పొద్దున బస్సుకు పోతే చీకటి పడ్డాకే రాక. పాపకు అప్పుడు నాలుగేళ్ళు. ఇల్లు పెంకుటిల్లు. పొడుగాటి ఒకే ఇంటిని నడుమ గోడ కట్టి రెండు చేశారు. ఆ గోడ కప్పు దాకా లేదు. అటు పక్క దగ్గినా ఇటు వినిపించేది.

దిగిన రోజు సాయంత్రం సామాను సర్దుతుంటే గోడ మీది నుంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"దగ్గర కూసోకుర్రి. కండ్లు పోతయి. వెనకకు, ఇంకింత వెనకకు. నువ్వు పొడుగున్నవు, నువ్వు గోడకు కూసో. పోరీ, వాన్ని గిల్లకు."

వెనక టీవీలో పిల్లల పాట. నాకు ప్రాణం లేచి వచ్చింది. కొత్త ఊరు, పాపకు తోడు ఎట్లా అని దిగులుగా ఉంది. పక్కింట్లోనే ఇంతమంది పిల్లలుంటే ఇంకేం కావాలి. పాప చెయ్యి పట్టుకుని అటు వెళ్ళాను.

దర్వాజ బార్లా తెరిచి ఉంది. గోడవారగా టీవీ, దాని ముందు ఈతచాప. చాప మీద మూడు కాగితం ముక్కల్లో మూడు చిన్న కుప్పలుగా ఉడకబెట్టిన పల్లికాయ. గడప పక్కన పీట మీద ఒక పొడుగాటి, సన్నని ముసలావిడ. చాప మీద ఎవరూ లేరు.

"రా బిడ్డా. పిల్లను తోలుకొచ్చినవా? మంచిగైంది. అగో, ఆ కొసకు కూసోమను."

పాప చాప నడిమికి పోబోయింది. ఆవిడ మెత్తగా భుజం పట్టి ఆపింది. "ఆడ కాదు తల్లీ. ఆడ ఉన్నరు."

పాప ఏమీ అడగలేదు. కొసకు సర్దుకుని, ఎవరికో చోటు మిగిల్చినట్టు కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

నేను పిల్లలెక్కడ అని అడగబోయాను. సరిగ్గా అప్పుడే తెర మీద బొమ్మ కోతి చెట్టు మీది నుంచి జారి కింద పడింది. అవ్వ నాతో ఏదో అనబోతున్నది కాస్తా ఆగింది. చెయ్యి కొంచెం ఎత్తి, గోల సద్దుమణిగే దాకా ఆగినట్టు ఆగి, అప్పుడు అడిగింది.

"ఏ ఊరు మీది?"

గదిలో ఏ గోలా లేదు.

ఆమె ముఖం కన్నా చేతులే నాకు ఎక్కువ గుర్తు. ఒకప్పుడు బీడీలు చుట్టేదట. ఆ పని మానేసి ఏళ్ళయినా వేళ్ళు మానలేదు. టీవీ చూస్తున్నంత సేపూ రెండు చేతుల బొటనవేళ్ళూ లేని ఆకును సవరిస్తూ, లేని తంబాకును దూరుస్తూ ఉండేవి. మనిషి నెమ్మది. ఎవరి జోలికీ పోదు. వీధి నీళ్ళ దగ్గర తన బిందె వంతు వచ్చినా చిన్న పిల్లలుంటే ముందు వాళ్ళను పట్టుకోమనేది. వీధిలో ఆమె పేరు ఎవరూ అనరు. చిన్నా పెద్దా అందరికీ టీవీ అవ్వే.

నా కూతురి పేరు ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు పట్టలేదు. "నాలుగో పిల్ల రాలేదేంది ఇయ్యాల?" అనేది గోడ అవతలి నుంచి. మాకు ఒక్కతే కూతురని చెప్పాను. "ఎరికేలే" అంది.

ప్రోగ్రాం అయిపోయాక ఆ పల్లికాయ తీసి తనే తినేది. ఒకసారి నేనూ రెండు ఒలుచుకున్నాను. నా కళ్ళ ముందే దోసెడు ఉప్పు వేసి ఉడికించింది. నోట్లో వేసుకుంటే ఉప్పు జాడ లేదు. పిండి నమిలినట్టుంది.

"సప్పగున్నయి గద" అంది నా ముఖం చూసి. "వాండ్లు తిన్నంక గట్లనే ఉంటయి."

పెద్దలకు పెట్టిన దాంట్లో రుచి ఉండదని మా నానమ్మ కూడా అనేది. ఆ మాట గుర్తొచ్చి మిగతావి కాగితంలోనే పెట్టేశాను.

రాత్రి మా ఆయనకు చెప్పాను. "ముసలామెకు చాదస్తం. పాపను పంపకు" అన్నాడు. రెండు రోజులు పంపలేదు. మూడో రోజు పాప అయిదు కాగానే గోడకు వీపు ఆనించి కూర్చుంది. అవతల పాట మొదలైతే తలూపుతూ వింటోంది. నాకే మనసొప్పక తీసుకెళ్ళాను.

ఆ వీధిలో ఫ్రిజ్ లేని ఇల్లు ఆమెదొక్కటే. ఇన్వర్టరు ఉన్న ఇల్లూ ఆమెదొక్కటే. జనం నవ్వుకునేవాళ్ళు. ఎందుకో నాకు ఆ వానాకాలంలో తెలిసింది.

ఒక సాయంత్రం వాన దంచుతోంది. నేనూ పాపా అవ్వ ఇంట్లో ఉన్నాం. ప్రోగ్రాం నడుమ కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా కుయ్యిమని మూలిగి ఆగిపోయింది. అవ్వ పీట మీది నుంచి ఎప్పుడు లేచిందో చూడలేదు. దర్వాజ నడుమ నిలబడి రెండు చేతులూ చెరో పక్కకు చాపి ద్వారబంధాన్ని పట్టుకుంది.

"ఎవ్వరు కదలకుర్రి. గిప్పుడే వస్తది. బయటికి పోవద్దు."

పాప భయపడి నా ఒళ్ళోకి వచ్చేసింది.

"అవ్వా, మేం పోతం. పిల్ల బయపడుతుంది."

"కూసో."

అది నాకు తెలిసిన గొంతు కాదు. నేను కూర్చున్నాను. బయట బూడిద రంగు వాన. దానికి అడ్డంగా ఆమె నల్లటి ఆకారం. లోపల చాప ఏదో, నేల ఏదో తెలియడం లేదు. ఆ చీకట్లో, నాకు రెండు మూరల దూరంలో, పల్లికాయ పటుక్కుమని చిట్లిన చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. పాప నా ఒళ్ళోనే ఉంది. దాని రెండు చేతులూ నా మెడ చుట్టూ ఉన్నాయి.

ఎలుక కావచ్చు. ఆ ఇళ్ళలో ఎలుకలుండేవి.

కరెంటు వచ్చింది. బొమ్మ మళ్ళీ కదిలింది. అవ్వ చేతులు దించి, పీట మీద కూలబడింది. ఆ వేళ్ళు అప్పుడు బీడీలు చుట్టడం లేదు. పాప బొమ్మల్లో పడ్డాక, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మా ఆయన దుబాయి పోయి తెచ్చిండు టీవీ. ఈ గల్లీకి గదే మొదటిది. ఐదయితే పోరగాండ్లందరు ఈడనే. ఒకనాడు గిట్లనే నడుమ కరెంటు పోయింది. పోరగాండ్లు ఒకటే లొల్లి. నాకేమో బీడీలు అప్పజెప్పేదుండె. కరెంటొచ్చినంక పిలుస్త, అందాక బయట ఆడుకోపోండ్రి అన్న. కొందరు ఇండ్లకు పోయిండ్రు. ముగ్గురు మొరం గుంత దిక్కు పోయిండ్రు. ముందటి దినమే పెద్ద వాన పడ్డది, గుంత నిండ నీళ్ళు."

నేను పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"జరసేపటికే వచ్చింది కరెంటు. వాకిట్లకొచ్చి పిలిచిన. అందరు ఉరికొచ్చిండ్రు. ఆ ముగ్గురు రాలే. పిలుసుకుంటనే ఉన్న. ఇటు బొమ్మ అయిపోయింది."

ఆ ముగ్గురిలో ఒకడు ఆమె కొడుకు. ఒక్కడే కొడుకు. రెండోవాడు ఎదురింటి పిల్లాడు. మూడోది ఒక ఆడపిల్ల. వాళ్ళ అమ్మానాన్నలు ఆ తర్వాత ఆ వీధిలో ఉండలేక బిచ్కుంద వెళ్ళిపోయారు. అవ్వ భర్త మళ్ళీ దుబాయి పోయాడు, అక్కడే కాలం చేశాడు. ఎదురింటావిడ మాత్రం అక్కడే ఉంది. రెండిళ్ళ నడుమ ఒక ఎడ్లబండి పట్టేంత జాగా. కానీ ముప్పై ఏళ్ళుగా ఆమె అవ్వతో మాట్లాడలేదు, ముఖాముఖి చూడనూ లేదు.

"మాసికమైనంక ఒకనాడు మాపటీలి టీవీ పెట్టిన" అంది అవ్వ. "ముగ్గురు వచ్చి కూసున్నరు. పిలిచిన గద, వచ్చిండ్రు. సగం చూసి పోయిండ్రు బిడ్డా. కడమది చూడొద్దా?"

ఆమె ఏడవలేదు. ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టే మాట చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు భయం వేయాలి కదా అనుకున్నాను. వేయలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పాప ఒకటో తరగతికి వచ్చిన ఏడు, ఒక సాయంత్రం ప్రోగ్రాం నడుస్తుండగా తెర అడుగున అక్షరాలు పోసాగాయి. అవ్వకు చదువు రాదు.

"ఏం రాసిండ్రు బిడ్డా? నిన్నటి సంది ఉరుకుతున్నయి."

చదివాను. వచ్చే సోమవారం నుంచి పిల్లల కార్యక్రమం పొద్దున ఏడు గంటలకు. సాయంత్రం ఆ వేళకు వ్యవసాయ కార్యక్రమం.

"పొద్దుగాలనా?" అంది. "పొద్దుగాల వాండ్లు ఎట్ల వస్తరు?"

తెర మీద ఒక ఫోను నంబరు కూడా ఉంది, అభిప్రాయాలు చెప్పడానికి. ఫోను చెయ్యమంది. అది సర్కారు టీవీ, ఎవరెత్తుతారులే అనుకుంటూనే చేశాను. ఒకతను ఎత్తాడు. మంచివాడు. ఓపికగా విన్నాడు. అవ్వ ఫోను లాక్కుంది. నేను స్పీకరు నొక్కాను.

"కొడుకా, పొద్దుగాల పెడితె పోరగాండ్లు రారు."

"అమ్మా, సాయంత్రం పిల్లలెవరూ చూస్తలేరట. అందరు ఫోన్లే చూస్తున్నరు. అందుకే మార్చిండ్రు."

"మా ఇంట్ల చూస్తున్నరు."

"ఎంతమందమ్మా?"

"ముగ్గురు. పక్కింటి పిల్లతోని నలుగురు."

"ఏం చదువుతున్నరు?"

"ముగ్గురు మూడో తరగతే."

"సరే, మీ మాట మా పెద్దోళ్ళకు చెప్త. అయినా ఇంకో రెండేండ్లయితే పెద్దగైతరు, వాళ్ళే చూసుడు బంద్ చేస్తరు లెండి."

"కారు కొడుకా" అంది అవ్వ. "వాండ్లు పెద్దగ కారు."

అవతల అతను చాలా మెల్లగా, "సరే అమ్మా, ఫోను పెట్టేస్తున్న" అన్నాడు.

సోమవారం పొద్దున గోడ అవతల పిల్లల పాట వినిపించింది. అవ్వ గొంతు వినిపించలేదు. అందుకే వెళ్ళి చూశాను. టీవీ నడుస్తోంది. చాప పరిచి ఉంది. పల్లికాయ పొగలు కక్కుతోంది. అవ్వ చాప వంక చూస్తూ కూర్చుంది.

"సాప ఖాళీగున్నది" అంది.

ఆ ఇంట్లో ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉంది. లోపల టీవీలో ఎవరో అధికారి మొక్కజొన్నకు పట్టే పురుగు గురించి చెబుతున్నాడు.

"వచ్చిండ్రు" అంది గొంతు తగ్గించి. "అగో, పురుగుల మందు ముచ్చట చూసుకుంట కూసున్నరు. బొమ్మ ఎప్పుడొస్తదని అడుగుతుండ్రు. ఏం చెప్పను?"

నేను గుమ్మంలోంచి తొంగి చూశాను. చాప. టీవీ. అధికారి. నా పక్క నుంచి పాప కూడా తొంగి చూసి, "వాళ్ళకు బోర్ కొడుతుంది అమ్మా" అంది.

అలా వారం నడిచింది. అవ్వ తిండి తగ్గించింది. పొద్దున ఖాళీ చాప ముందు, సాయంత్రం పురుగుల మందు ముందు కూర్చుని కూర్చుని మనిషి పుల్లలా అయిపోయింది. శనివారం నన్ను పిలిచింది. "పోయి చెప్పొచ్చేదుంది. నాతోని వస్తవా?"

మొరం గుంత ఇప్పుడు లేదు. ఎప్పుడో పూడ్చేసి, ప్లాట్లు చేసి, దాని మీద ఫంక్షన్ హాలు కట్టారు. మేం వెళ్ళేసరికి పెళ్ళి జరుగుతోంది. డీజే మోతకు నేల అదురుతోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరి తరఫు అవ్వా? పిల్ల తరఫా, పిల్లగాని తరఫా?"

"పోరగాండ్ల తరఫు" అంది.

అతనికి ఏమర్థమైందో, దారి ఇచ్చాడు. అవ్వ హాల్లోకి పోలేదు. పక్కన కార్లు నిలిపే జాగాలోకి పోయింది. కార్ల నడుమ నడుస్తూ, ఒకచోట ఆగి, కాలితో నేలను తడిమింది. సిమెంటు నేల. తడిమి, ఇంకాస్త ఎడమకు జరిగింది. చూపు నేల మీదే ఉంచి మాట్లాడింది. అరవలేదు. ఇంట్లో పక్కగదిలో ఉన్నవాళ్ళకు చెప్పినంత గొంతుతోనే.

"ఇనుండ్రి. టైం మారింది. మాపటీలి రాకుర్రి. పొద్దుగాల రాండ్రి, ఎండ వాకిట్లకు రాకముందే. నేను పిలుస్త. ఇయ్యాల పిలుస్త అంటే పిలుస్త."

పాట మారడానికి కాబోలు, అప్పుడే డీజే ఆగింది. ఆ నిశ్శబ్దంలో అవ్వ తలూపింది, జవాబు విన్నట్టు. "ఆఁ, మొత్తం ఉంటది. సగం కాదు" అంది. మళ్ళీ పాట మొదలైంది.

మర్నాడు పొద్దున గోడ అవతలి గొంతుకే నాకు మెలకువ వచ్చింది.

"గట్ల కండ్లు నలుపుకోకుర్రి. మొకం కడుక్కొని రావద్దా?"

నేను మంచం మీదే పడుకుని విన్నాను. పక్కన మా ఆయన కూడా మేలుకునే ఉన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ఆయన, "హమ్మయ్య" అన్నాడు. అన్నందుకు తనే ఉలిక్కిపడి లేచి బయటికి పోయాడు.

ఆ ఏడాది అలా గడిచింది. ఎండాకాలం సెలవులు పోయి బడులు తెరిచే ముందు తెర అడుగున మళ్ళీ అక్షరాలు పరుగెత్తాయి. ఈసారి చదవడానికి నాకు నోరు రాలేదు. పిల్లల కార్యక్రమం టీవీలో ఇక ఉండదు. కావాలనుకున్నవాళ్ళు ఫోనులో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు.

నా ఫోనులో పెట్టి చూపించాను. అవ్వ దాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, చాప ముందు గోడకు ఆనించి పెట్టి చూసింది. తర్వాత తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది ఒక్కరు చూసేది బిడ్డా. ముగ్గురికి ఆనదు."

చివరి రోజు ప్రోగ్రాం అయ్యేదాకా నేను ఆఫీసుకు పోకుండా ఆమె దగ్గరే కూర్చున్నాను. బొమ్మలన్నీ చేతులూపి వెళ్ళిపోయాయి. అవ్వ లేచి టీవీ బంద్ చేసింది. చాప చుట్టబోయి, చుట్టకుండా నిలబడింది.

"మొత్తం అయిపోయింది. చూసిండ్రు. ఇగ ఎవలింటికి వాండ్లను తోలాలె" అంది.

"మరి నీ కొడుకు?"

"వాడు యాడికి పోతడు? వాని ఇల్లు ఇదే గద."

ఆదివారం బిచ్కుంద పోదాం రమ్మంది, ఆ ఆడపిల్ల వాళ్ళ ఇంటికి. మా ఆయన వద్దంటాడనుకున్నాను. అనలేదు. "నీళ్ళ సీసా పట్టుకపో" అన్నాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. అవ్వ కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి, నడుమ తను కూర్చుని, ఈ చివర నన్ను కూర్చోబెట్టింది. కండక్టరు వచ్చాడు. ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్లు రెండు కొట్టాడు.

"ఇంకోటి కొట్టు కొడుకా. పిల్ల ఉన్నది."

"పిల్ల ఏది?"

"అగో, కిటికీకి."

అతను కిటికీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. టికెట్ కొట్టకుండానే ముందుకు పోయాడు. నిజాంసాగర్ దాటాక మూటతో ఒకామె ఎక్కి, ఆ ఖాళీ సీటు మీద చెయ్యి వేసింది. ఎందుకో వేసిన చెయ్యి తీసేసి, కొంగుకు తుడుచుకుంది. పిట్లం దాకా నిలబడే వచ్చింది.

బిచ్కుందలో ఇల్లు దొరికింది గాని తాళం వేసి ఉంది. పక్కింటామె సగం మరాఠీలో, సగం తెలుగులో చెప్పింది. ముసలాళ్ళిద్దరూ చనిపోయారు. కొడుకు మహారాష్ట్ర దిక్కు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఏ ఊరో తెలియదు.

అవ్వ ఆ అరుగు మీద చాలాసేపు కూర్చుంది. మధ్యలో పక్కకు వంగి ఏదో మెల్లగా అడిగింది. తల అడ్డంగా ఊపింది. లేచింది.

"ఒక్కదాన్ని ఈడ ఎట్ల విడిచిపెట్టాలె? బయపడుతది. నా దగ్గర్నే ఉంటది."

తిరుగు బస్సులో కండక్టరు ఒక అమ్మాయి. అవ్వ అలిసిపోయి కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో ఏదో పట్టుకున్నట్టు గుండ్రంగా ఉన్నాయి.

"ఎంతమందక్కా?"

"ముగ్గురం" అన్నాను.

అన్నది నేనే. నోట్లోంచి వచ్చాక గాని నాకు తెలియలేదు. ఆ అమ్మాయి వెతకలేదు, అడగలేదు. మూడు టికెట్లు చింపి ఇచ్చింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ మూడూ నా పిడికిట్లోనే తడిసిపోయాయి.

ఇక మిగిలింది ఎదురిల్లు. బిచ్కుందకు ఒక్కపూటలో పోయి వచ్చిన మనిషికి ఆ వీధి దాటడానికి నాలుగు రోజులు పట్టింది. పొద్దున వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది, మళ్ళీ లోపలికి పోతుంది. అయిదో రోజు దీపాలు పెట్టే వేళకు గోడ అవతలి నుంచి పిలిచింది.

"రా బిడ్డా. నేనొక్కదాన్ని పోతే ఆమె తలుపేస్తది."

ఎదురింటావిడ లోపలి అర్రలో బల్బు కింద చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె కూడా ముసలిదే. ఒళ్ళు బరువు, మోకాళ్ళ నొప్పులు. మమ్మల్ని చూసింది. తల దించుకుని మళ్ళీ ఏరసాగింది. వంటింట్లోంచి కోడలు వచ్చి మమ్మల్ని చూసి గోడకు అతుక్కుపోయింది. అవ్వ లోపలికి పోలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా వెనక, గడపకు బయట ఆమె నిలబడింది.

"వొదినె" అంది.

రాళ్ళు ఏరి పక్కన వేస్తున్న చప్పుడు.

"నీ పిల్లగాడు ఇన్నేండ్లు మా ఇంట్లనే ఉండె. నేను ఆడుకోపో అన్ననని పోయిండు. నేను పిలిస్తెనే వచ్చిండు. ఇగ టీవీ బంద్ అయింది. తోలుకొచ్చిన."

శాపనార్థాలు వస్తాయనుకున్నాను. చాట విసిరి కొడుతుందేమో అనుకున్నాను. పాపను ఇంట్లో వదిలి రావడం మంచిదైంది అనుకున్నాను. ఎదురింటావిడ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమన్న తిన్నడా?"

అవ్వ తన పక్కన కిందికి ఒకసారి చూసింది.

"లే. ఆకలైతుందంటుండు."

ఆవిడ చాట పక్కన పెట్టింది. గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. కోడలు సాయం రాబోతే వద్దంది. వంటింట్లోకి పోయి కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది. నేల మీద పీట వేసి, దాని ముందు కంచం పెట్టి, చెంబుతో నీళ్ళు పెట్టింది. కొంగుతో పీట తుడిచింది. అప్పుడు మెల్లగా గుమ్మం దగ్గరికి వచ్చింది. అవ్వ ముఖంలోకి చూస్తుందనుకున్నాను. చూడలేదు. నా వైపు చూసింది.

"జర పక్కకు జరుగు బిడ్డా" అంది. "తొవ్వకు అడ్డమున్నవు."

నేను జరిగాను.